ఎదురు బెంచీలో కూర్చునేవాళ్లు ఏం చేస్తారు?



మనం ఓటు వేస్తాం. ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేస్తుంది. ఆ పార్టీ నాయకుడు ముఖ్యమంత్రి అవుతాడు. ఇదంతా మనకు తెలుసు. మరి తక్కువ సీట్లు వచ్చిన పార్టీ ఏం చేస్తుంది? "ఓడిపోయినోళ్లతో మనకేం పని?" అని కొందరు అంటారు. ఆ మాట సరి కాదు. వాళ్లకీ మనమే ఓట్లు వేశాం. వాళ్లతోనూ మనకు పని ఉంది.

శాసనసభలో స్పీకరు మధ్యలో కూర్చుంటారు. ఆయనకు కుడి పక్క ప్రభుత్వ పార్టీ వాళ్లు ఉంటారు. ఎడమ పక్క ప్రతిపక్షం వాళ్లు ఉంటారు. ఆ ఎడమ పక్క ముందు వరసలో ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమైన సభ్యులు కూర్చుంటారు. ముఖ్యమంత్రిని, మంత్రులను ముఖాముఖి అడిగేది ఈ ముందు వరస వాళ్లే.

వాళ్లు ఏం అడుగుతారు? మిరపకాయల ధర పడిపోయింది అనుకోండి. యార్డులో టిక్కీలు పేరుకుపోయాయి. పత్తి కొనేవాడు లేడు. అప్పుడు ప్రతిపక్షం లేచి, "రైతుకు ఏం చేశారు? ఎంత సరుకు కొన్నారు?" అని అడగాలి. మంత్రి జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు రికార్డులో ఉంటుంది. రేపు కాదనడానికి వీలుండదు.

ప్రభుత్వం మన పన్నుల డబ్బు ఖర్చు పెడుతుంది. అగ్గిపెట్టె కొన్నా మనం పన్ను కడుతున్నాం. ఆ లెక్కలు చూడడానికి ప్రజా పద్దుల సంఘం ఉంది. పార్లమెంటులో 1967 నుంచి ఆ సంఘానికి ప్రతిపక్షం సభ్యుడే అధ్యక్షుడుగా ఉండడం ఆనవాయితీ. ఇంటి జమాఖర్చు రాసేవాళ్లే తనిఖీ చేసుకుంటే తప్పు బయటపడుతుందా? పడదు. అందుకే ఈ ఏర్పాటు.

ప్రతిపక్షానికి ఇంకో పెద్ద ఆయుధం ఉంది. అది అవిశ్వాస తీర్మానం. "ఈ ప్రభుత్వం మీద మాకు నమ్మకం లేదు" అని చెప్పడమే అది. సభలో ఎక్కువమంది ఆ మాటే అంటే ప్రభుత్వం దిగిపోవాలి.

ఇది మన ప్రాంతపు పెద్దమనిషికే జరిగింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరే ప్రకాశం జిల్లాకు పెట్టారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని. ప్రకాశం గారు మొదటి ముఖ్యమంత్రి. అప్పుడు మద్య నిషేధం ఉంది. కల్లుగీత వాళ్లు బతుకు పోయిందని గోల పెట్టారు. ప్రభుత్వం వేసిన కమిటీ కూడా నిషేధం ఎత్తేయమంది. ప్రభుత్వం ఎత్తేయలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. అంత పెద్ద నాయకుడైనా సభ మాటకు తలవంచి దిగిపోయారు.

నలభై ఏళ్ల తరవాత కథ ఇంకో రకంగా తిరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చారు. సారా వల్ల తమ ఇళ్లు ఎలా కూలుతున్నాయో మాట్లాడుకున్నారు. సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లాలు దాటి పాకింది. అప్పుడు ఎన్‌.టి.రామారావు ప్రతిపక్ష నాయకుడు. ప్రతిపక్షాలు ఆడవాళ్ల పోరాటాన్ని బలపరిచాయి. 1993 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారా ఆపేసింది. 1994 ఎన్నికల్లో రామారావు పూర్తి మద్య నిషేధం తెస్తామన్నారు. గెలిచారు. ప్రమాణం చేసిన రోజే ఆ ఫైలు మీద సంతకం చేశారు.

కానీ 1997లో నిషేధం సడలించారు. చూశారా! అడిగేవాళ్లు ఊరుకుంటే సాధించింది కూడా జారిపోతుంది.

ఒకసారి గీత కార్మికుల గోడు. ఇంకోసారి ఆడవాళ్ల గోడు. రెండూ ఒకటి కాదు. కానీ రెండుసార్లూ ప్రభుత్వానికి వినిపించని గొంతు ప్రతిపక్షం ద్వారా సభకు చేరింది.

ప్రతిపక్షం బలంగా లేకపోతే? లోక్‌సభలో పదో వంతు సీట్లన్నా ఉన్న పార్టీకే ప్రతిపక్ష నాయకుడి హోదా ఇవ్వడం వాడుక. అందువల్ల 2014 నుంచి 2024 దాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కొన్నిచోట్ల ప్రతిపక్ష సభ్యులు గెలిచాక పార్టీ మారతారు. దీన్ని ఆపడానికి 1985లో చట్టం వచ్చింది. అయినా పూర్తిగా ఆగలేదు. ఇంకొందరు సభకే వెళ్లరు. వెళ్లినా కేకలు వేసి బయటికి వస్తారు. అప్పుడు మన ప్రశ్న అడిగేదెవరు?

అడగడం అంటే తగువు పెట్టుకోవడం కాదు. మంచి పనిని మెచ్చుకోవాలి. తప్పును చూపించాలి. "ఇలా చేస్తే మేలు" అని దారి కూడా చెప్పాలి. అదే మంచి ప్రతిపక్షం.

మన గ్రామసభలో కూడా ఇంతే. బోరింగు పాడైతే, వీధి దీపం వెలగకపోతే లేచి అడగాలి. సర్పంచి మనవాడే అయినా అడగాలి.

ఆలోచించండి:

మీ ఎమ్మెల్యే ఏ పక్కన కూర్చుంటారు? మీ ఊరి సమస్యను సభలో ఎప్పుడైనా అడిగారా? మీరు అడగమని వాళ్లకు చెప్పారా? మీ సమస్యను ఒక కాగితం మీద మీరే రాయండి. మీ సంతకం పెట్టి పంపండి.