ఇరవై లక్షల కోట్లు, ఒక సూచీ, ఒక టీవీ

2020 మే 12. రమజాన్ మాసం. మసీదులు మూతపడి ఉన్నందున ఇఫ్తార్, మగ్రిబ్ ఇళ్లలోనే ముగించుకుని, ఇషా వేళ సమీపిస్తుండగా దేశమంతా టీవీల ముందు కూర్చున్న రాత్రి అది. ఆ ప్రసంగంలో ప్రధానమంత్రి 20 లక్షల కోట్ల రూపాయల ఆర్థిక ప్యాకేజీని ప్రకటించారు. స్థూల దేశీయోత్పత్తిలో అది పది శాతమని అన్నారు. రెండు పక్కన పదమూడు సున్నాలు! మరునాడు ఫోన్లలో పలకరించుకున్న వారందరిదీ ఒకే ప్రశ్న: ఇందులో మన ఇంటికి వచ్చేదెంత?

మరుసటి రోజు నుండి వరుసగా ఐదు రోజులు ఆర్థికమంత్రి టీవీలో వివరాలు చెప్పారు. మదర్సాకు సెలవే గనుక మేము కూడా కాగితం, కలం పట్టుకుని విన్నాము. చివరి రోజున చూపిన మొత్తం 20,97,053 కోట్లు. అందులో 8,01,603 కోట్లు రిజర్వ్ బ్యాంకు చేపట్టిన చర్యల విలువ. బ్యాంకులు అప్పులివ్వడానికి వీలుగా వాటికి నగదు అందుబాటులో ఉంచడం వంటివన్నమాట. మరో 3 లక్షల కోట్లు చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు తాకట్టు లేని రుణాలు. ఇక్కడ ప్రభుత్వం పెట్టినది హామీ, డబ్బు బ్యాంకులది. ఈ రెండు పద్దులే మొత్తంలో సగం దాటుతున్నాయి.

ఫిఖహ్ గ్రంథాల్లో హిబాకు ఒక అధ్యాయం, ఖర్జ్‌కు మరొక అధ్యాయం ఉంటాయి. కానుక వేరు, అప్పు వేరు అని మొదటి సంవత్సరపు విద్యార్థికి కూడా తెలుసు. టీవీ చర్చల్లో మాత్రం రెండింటికీ కలిపి 'ఇచ్చారు' అనే ఒకే క్రియ వాడారు. వడ్డీకి దూరంగా ఉండాలని నిశ్చయించుకున్న దర్జీకి, చెప్పుల దుకాణదారుకు ఆ పద్దు ఎంత పెద్దదైనా ఒకటే. అది అతడి గుమ్మం తొక్కేది కాదు.

కానుక అనదగినవి లేకపోలేదు. జన్‌ధన్ ఖాతాలున్న 20 కోట్లకు పైగా మహిళలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు జమ అయింది. రేషన్ కార్డుపై మనిషికి 5 కిలోల ధాన్యం ఉచితంగా అందింది. ఉపాధి హామీకి అదనంగా 40,000 కోట్లు కేటాయించారు. అంకెల్లో ఇవి చిన్నవే. కానీ ఉద్దీపన అన్న మాటకు అర్థం ఇక్కడే తెలుస్తుంది. పేద ఇల్లాలి చేతికి అందిన 500 రూపాయలు ఆ సాయంత్రానికే పప్పు, నూనె, సబ్బుగా మారి కిరాణా కొట్టుకు చేరతాయి. కొట్టతను టోకు వర్తకుడికి చెల్లిస్తాడు. లేనివాడికి ఇచ్చిన సొమ్ము నిలవ ఉండదు. జకాత్ పంచే ప్రతి కుటుంబమూ ఏటా కళ్లారా చూసేదే ఇది.

ఇక షేర్ మార్కెట్. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 3,934 పాయింట్లు పడిపోయి 25,981 వద్ద ముగిసింది. మధ్యలో 45 నిమిషాలు లావాదేవీలే ఆపివేశారు. ఆ తర్వాత ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో దేశ ఉత్పత్తి 23.9 శాతం తగ్గిందని ప్రభుత్వ గణాంకాలే తొలుత వెల్లడించాయి. కూలీలు రహదారుల వెంట నడిచి ఊళ్లు చేరిన కాలం అది. సూచీ మాత్రం అప్పటికే లేచి నడక మొదలుపెట్టింది. 2021 జనవరి 21న తొలిసారి 50,000 దాటింది.

ఇందులో మాయ ఏమీ లేదు. సెన్సెక్స్ అంటే 30 పెద్ద కంపెనీలు. లాడ్ బజార్ గాజుల దుకాణం అందులో లేదు, తోపుడు బండి అందులో లేదు. చిన్న దుకాణం మూతపడితే దాని గిరాకీలో కొంత పెద్ద కంపెనీకే చేరుతుంది. పైగా వడ్డీ రేట్లు తగ్గి, ప్రపంచమంతటా నగదు వెల్లువెత్తినప్పుడు ఆ సొమ్ము షేర్ల వైపు పారింది. అయినా తెర అడుగున పాకే ఆకుపచ్చ అంకెలను దేశపు నాడిగా చూపడం ఛానళ్లకు అలవాటైపోయింది. ఇంటిల్లిపాదీ నెలల తరబడి టీవీ ముందే గడిపిన ఆ రోజుల్లో, వార్తలకు, పాత ధారావాహికలకు మధ్య ఈ అంకెలు కూడా మన పిల్లల కళ్లలో పడ్డాయి.

ఆ అలవాటు టీవీ నుండి ఫోన్‌కు దిగింది. షేర్లు కొనడం హలాలేనా అని మమ్మల్ని అడిగే యువకులు అప్పటి నుండి ఎక్కువయ్యారు. కంపెనీ వ్యాపారం ధర్మసమ్మతమై, వడ్డీ అప్పులు పరిమితికి లోబడి ఉంటే, షేరు కొనడం భాగస్వామ్యమేనని సమకాలీన ఉలమాలలో అనేకులు చెబుతున్నారు. ఆ షరతులతో కంపెనీలను ఏరి కూర్చిన షరియా సూచీ 2010లోనే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో మొదలైంది. కానీ కాస్త తరచి అడిగితే, చాలామంది చేస్తున్నది షేర్లు కొనడం కాదు, ఫ్యూచర్స్, ఆప్షన్స్ అని తేలుతుంది. చాలావరకు సరుకు చేతికి రాదు, చేతి నుండి పోదు. ధర ఎటు కదులుతుందన్నదే బేరం. దీన్ని మేము వ్యాపారమని అనలేము.

ధర్మశాస్త్రం మాట అటుంచండి, లెక్క మాటే చూడండి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఈ విభాగంలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది మూడేళ్లలో నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. 2023–24లో వీరిలో 43 శాతం ముప్పై ఏళ్లలోపు వారు. సోదరి పెళ్లి కోసం దాచిన సొమ్ము ఇలా పోయిందని తండ్రికి చెప్పలేక మా వద్దకు వచ్చినవారూ ఉన్నారు.

టీవీలో 'ఇది కొనండి, అది అమ్మండి' అని చెప్పే నిపుణుల సంగతీ తెలుసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో సెబీ ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఒక వాణిజ్య ఛానల్‌లో అతిథి నిపుణులు తాము ఇవ్వబోయే సలహాలను కొందరికి ముందే చేరవేశారని, వారు ముందుగా కొని, ప్రేక్షకులు ఎగబడి కొన్నాక అమ్ముకున్నారని అందులోని ఆరోపణ. సోఫాలో కూర్చుని ఉచితంగా సలహా వింటున్నామనుకునే వారు ఇది ఒకసారి చదవాలి.

షేర్లు ఉన్నవారు రమజాన్‌లో మమ్మల్ని అడిగే మరో ప్రశ్న: జకాత్ కొన్న ధరపైనా, నేటి ధరపైనా? అమ్మే ఉద్దేశంతో ఉంచుకున్నవైతే, జకాత్ సంవత్సరం పూర్తయిన రోజున ఉన్న మార్కెట్ విలువపై రెండున్నర శాతం. ఆ ఒక్క రోజు మాత్రం తెర అడుగున పాకే అంకెను శ్రద్ధగా చూడండి.