సైట్‌కి ఏ ఫోన్ పెట్టాలి, పాతదా కొత్తదా?

ఎపిసోడ్‌లో టైం చాలక సగంలో ఆపేసిన ఫోన్ల సంగతి ఇక్కడ రాస్తున్నాను. మన వాళ్ళలో స్టోర్ కీపర్లు, టైమ్ కీపర్లు చాలామంది ఉన్నారు. కొత్త ఫోన్లు వస్తే ముందు వాడేది మీరే కదా.

అహ్మదిలో మా సైట్‌కి ఆఫీసు, గేటు, స్టోరు, ఫస్ట్ ఎయిడ్ గది ఉన్నాయి. మొదట్లో అన్నిచోట్లా పాత ఇంటర్‌కామే. ఆఫీసు గోడకి ఒక ఈపీఏబీఎక్స్ పెట్టె, దాన్నుంచి ఒక్కో ఫోన్‌కి రెండు రాగి తీగలు. మాట పోయేదీ, ఫోన్‌కి కరెంటు వచ్చేదీ ఆ తీగల మీదే. పెట్టెకి బ్యాటరీ ఉంటే చాలు, జెనరేటర్ ఆగినా ఫోన్లు మోగుతాయి. తీగ అర కిలోమీటరు లాగినా ఇబ్బంది లేదు.

కొత్తది ఐపీ ఫోన్. కంప్యూటర్ కేబుల్ మీదే మాట పోతుంది. ఫోన్‌ని వేరే గదికి మార్చినా నంబర్ దానితోనే వస్తుంది, ఎవరు చేశారో స్క్రీన్ మీద కనపడుతుంది. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ కేబుల్ 100 మీటర్లు దాటితే మధ్యలో స్విచ్ పెట్టాలి. ఆ స్విచ్‌కి కరెంటు కావాలి.

మా దగ్గర దెబ్బ అక్కడే తగిలింది. జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం అని మీకు తెలుసు. ఆ రోజు ఇంకా 11 కాలేదు. స్టోర్ వెనక ఒక కుర్రాడు వడదెబ్బకి పడిపోయాడు. అప్పటికే జెనరేటర్ ఆగి ఉంది. స్టోర్ తమ్ముడు ఫోన్ ఎత్తితే చప్పుడే లేదు. పైపులైన్ పక్కన సైట్, లోపలికి మామూలు మొబైల్ తేనివ్వరు. ఫస్ట్ ఎయిడ్ గదికి ఎండలో పరిగెత్తాడు పాపం. కుర్రాడు బతికాడు, రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

తర్వాత చూస్తే ఆఫీసులో యూపీఎస్ ఉంది, మధ్యలో స్తంభానికి కట్టిన స్విచ్‌కి లేదు. నేనూ అడగలేదు, అది నా తప్పే.

ఇప్పుడు ఆఫీసులో ఐపీ ఉంచాం. గేటు, స్టోరు, ఫస్ట్ ఎయిడ్‌కి మళ్ళీ పాత ఫోన్లే. అదృష్టంకొద్దీ రాగి తీగలు పీకలేదు. రెంటినీ కలపడానికి ఆఫీసులో ఒక గేట్‌వే పెట్టె ఉంది, దానికీ బ్యాటరీ ఇచ్చాం.

మీ సైట్‌లో మారుస్తుంటే, సంతకం పెట్టేముందు మెయిన్ స్విచ్ ఆపించి ఒక్కో ఫోన్ ఎత్తి చూడండి. బయట లైన్‌కి ముందు 9 కొట్టాలా, 0 కొట్టాలా అన్నది ఫోన్ మీదే రాసి అంటించండి. 112 కొట్టాల్సిన టైంలో అది గుర్తు రాదు.