గుండెకు నాలుగు గంటలే టైమ్!

2025 జనవరిలో హైదరాబాద్ మెట్రోలో ఓ గుండె ప్రయాణించింది. ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. ఆ వీడియో మీరూ ఫార్వర్డ్ చేసే ఉంటారు. నేనూ చేశా. మరి అంత తొందరెందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

దాత నుంచి తీసిన గుండెను ఐస్‌లో సుమారు 4 గంటలే ఉంచగలం. అదే కిడ్నీ అయితే ఒక రోజు దాకా ఆగుతుంది. చల్లదనం కణాల పనిని నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. రక్తం అందని ఆ గంటల్లోనూ, మళ్లీ రక్తం పారినప్పుడూ రక్తనాళాల లోపలి పలుచని పొర దెబ్బతింటుంది.

ఏళ్ల తర్వాత బయటపడుతుంది

సర్జరీ సక్సెస్ అయిందంటే కథ అయిపోయినట్టు కాదు. ఆ పాత దెబ్బకు, కొత్త గుండెను పరాయిదిగా చూసే రోగనిరోధక వ్యవస్థ దాడి తోడవుతుంది. కరోనరీ ధమనుల గోడలు మెల్లగా మందమవుతాయి. మామూలు బ్లాక్‌లా ఒకచోట కాదు, నాళం పొడవునా సన్నబడుతుంది. అందుకే అన్నిసార్లూ స్టెంట్‌తో పని జరగదు. మార్పిడి జరిగిన పదేళ్లకు దాదాపు సగం మందిలో ఈ సమస్య కనిపిస్తుంది. పైగా సర్జరీలో గుండె నరాలు తెగిపోతాయి కాబట్టి చాలామందికి ఛాతీనొప్పే తెలియదు. ఏ ఇబ్బందీ లేకపోయినా డాక్టర్లు చెప్పిన టైమ్‌కు యాంజియోగ్రామ్ లాంటి పరీక్షలు చేయించుకోవాల్సిందే.

ఇందులో మనకేం పని?

చాలా ఉంది. మామూలు ఐస్‌బాక్స్‌లో గుండె మరీ చల్లబడినా నష్టమే. అందుకే ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే పెట్టెలు వచ్చాయి. ఇంకో అడుగు ముందుకేసి, వెచ్చని రక్తం పంపుతూ గుండెను కొట్టుకుంటుండగానే తీసుకెళ్లే యంత్రానికి 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. లోపల ఉండేవి పంపు, హీటర్, ఆక్సిజన్ కలిపే పరికరం, సెన్సర్లు. అంటే పరీక్ష కోసం మనం బట్టీపట్టిన ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫరే! ధమని లోపలికి వెళ్లి గోడ మందం చూపించే అల్ట్రాసౌండ్ వెనక ఉన్నది సిగ్నల్ ప్రాసెసింగ్.

ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్‌లో బీఈ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ప్రత్యేక విభాగమే ఉంది. మెకానికల్, ఈసీఈ వాళ్లూ ఇటు రావచ్చు.

ఈసారి గ్రీన్ ఛానెల్ వీడియో వస్తే అంబులెన్స్ స్పీడే కాదు, లోపలున్న పెట్టె గురించీ ఆలోచించండి. దాని టైమ్ ఒక్క గంట పెంచగలిగినా, ఇప్పుడు అందనంత దూరంలో ఉన్న దాత గుండె ఇంకొకరికి అందుతుంది.