తోడేలు–కుక్క సంకరాల పెంపకం: తరాల లెక్కపై నిలిచిన చట్టాలు

తోడేలుకు, పెంపుడు కుక్కకు క్రోమోజోముల సంఖ్య ఒకటే: 78. అందువల్ల వాటి సంకర సంతతి కంచరగాడిద వలె ఒక తరంతో ఆగిపోదు. ఆ సంతతిని ఏ తరం వరకు వన్యప్రాణిగా పరిగణించాలి, ఎక్కడి నుండి కుక్కగా ఎంచాలి అన్నదే చట్టాలకు చిక్కుముడి.

బ్రిటన్‌లో 1976 నాటి ప్రమాదకర వన్యప్రాణుల చట్టం ప్రకారం తోడేలును, దాని ఎఫ్-1, ఎఫ్-2 సంకరాలను పెంచడానికి స్థానిక సంస్థ లైసెన్సు తప్పనిసరి. పశువైద్యుని తనిఖీ, ఇతరులకు కలిగే హానికి బీమా అందులో భాగం. ఎఫ్-3 నుండి అది కుక్కే. ఐరోపా సమాఖ్య వన్యప్రాణి వాణిజ్య నిబంధనలు మాత్రం నాలుగు తరాల వరకు తోడేలుగానే చూస్తాయి. అమెరికాలో ఈ అంశం రాష్ట్రాల పరిధిలోనిది. హవాయి పూర్తిగా నిషేధించింది.

ఇక్కడ 'ఎఫ్' అన్న గుర్తు సస్యప్రజననంలోని అర్థాన్ని ఇవ్వదు. శుద్ధమైన తోడేలు పూర్వీకుని నుండి ఎన్నో తరమో మాత్రమే తెలుపుతుంది. ఎఫ్-1ను కుక్కతో కలిపితే పుట్టే ఎఫ్-2లో తోడేలు వారసత్వం సగటున 25 శాతం. రెండు ఎఫ్-1లను కలిపితే 50 శాతం. అటువంటి రెండు ఎఫ్-2ల సంతానంలోనూ సగటు 50 శాతమే. అయినా ఆ ఎఫ్-3కి బ్రిటన్‌లో లైసెన్సు అక్కరలేదు. తరం సంఖ్య వారసత్వానికి సరైన కొలమానం కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అవసరం లేదు.

పశువైద్యుని అసలు ఇబ్బంది రేబిస్ టీకాతో మొదలవుతుంది. అమెరికాలో ఏ రేబిస్ టీకాకూ ఈ సంకరాలకు వాడేందుకు లైసెన్సు లేదు. టీకా పనిచేయదని తేలలేదు. పనిచేస్తుందని పరీక్షించి అనుమతి పొందలేదు, అంతే. కరిచిన కుక్క ఆరోగ్యంగా ఉంటే దానిని 10 రోజులు పరిశీలనలో ఉంచుతారు. సంకరాలలో లాలాజలం ద్వారా వైరస్ వెలువడే కాలం నిర్ధారణ కానందున, టీకా వేసి ఉన్నా చంపి మెదడును పరీక్షించమని అధికారులు ఆదేశించవచ్చు. అందుకే కొందరు యజమానులు వంశాన్ని దాచి, మాలమ్యూట్ సంకరమని నమోదు చేయిస్తారు. రక్షణ కోసం చేసిన నిబంధన ఈ విధంగా తప్పుడు రికార్డులకు దారితీస్తున్నది.

భారతదేశంలో తోడేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. 'వేట' నిర్వచనంలో పట్టుకోవడం కూడా చేరినందున, గొర్రెల కాపరి గుట్టల్లోని తోడేలు పిల్లను తెచ్చి పెంచినా అది వేటే. శిక్ష 3 నుండి 7 సంవత్సరాల జైలు. 2022 సవరణతో కనీస జరిమానా రూ. 25,000. అయితే ఇక్కడి సంకరాలకు మూలం పెంపకందారులు కారు. పుణె సమీప గడ్డిభూముల్లో సంకరణను జన్యు ఆధారాలతో నిర్ధారించిన అధ్యయనం 2023లో వెలువడింది. ఊరకుక్కలు స్వేచ్ఛగా తిరిగేచోట ఏ లైసెన్సూ ఈ కలయికను ఆపలేదు. కుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స, టీకా అనే పనులు అక్కడ స్థానిక సంస్థల బాధ్యత.