పక్షి హుషారుగా ఉంది, మరి జబ్బు ఎక్కడిది?

“సిస్టర్, ఇంట్లో లవ్ బర్డ్స్ ఉన్నాయి. హుషారుగానే ఉన్నాయి. పేషెంటును తీసుకెళ్ళొచ్చా?” అని డిశ్చార్జి రోజున కొందరు అడుగుతుంటారు. పక్షి హుషారుగా ఉన్నంత మాత్రాన దానిలో రోగక్రిములు లేవని అనుకోకూడదు.

దాగి ఉండే వైరస్‌లు

మనం లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీ చిలుకల్లో పాలియోమా వైరస్ ఉండవచ్చు. పెద్ద పక్షులు మామూలుగానే తిని తిరుగుతాయి. కానీ వాటి రెట్ట, ఈకల పొడి ద్వారా వైరస్ గూటిలోని పిల్లలకు సోకి, అవి ఉన్నట్టుండి చనిపోతాయి. చిలుకల ఈకలను, ముక్కును పాడుచేసే సర్కోవైరస్ నెలల తరబడి బయటపడకుండా ఉండగలదు. 2008లో కనుగొన్న చిలుకల బోర్నావైరస్ కూడా ఇలాగే ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. పైగా, జబ్బును కనబడనివ్వకపోవడం పక్షుల స్వభావం. నీరసంగా కనిపించే పక్షి శత్రువుకు సులభంగా దొరికిపోతుంది కదా!

మనకు వస్తాయా?

ఈ మూడు వైరస్‌లూ పక్షుల జబ్బులే, వీటి గురించి మనుషులు భయపడనక్కరలేదు. కానీ వీటిలాగే దాగి ఉండి, మనకూ సోకేది ఒకటుంది. అది సిట్టకోసిస్, అంటే చిలుక జ్వరం. ఇది వైరస్ కాదు, బాక్టీరియా వల్ల వస్తుంది. ఎండిన రెట్ట దుమ్మును పీల్చితే సాధారణంగా 5 నుండి 14 రోజుల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, పొడి దగ్గు మొదలవుతాయి. న్యుమోనియాగా కూడా మారవచ్చు. దీనికి పెన్సిలిన్ జాతి మందులు పనిచేయవు, డాక్సీసైక్లిన్ వంటివి పనిచేస్తాయి. కనుక ఇంట్లో పక్షులున్నాయని డాక్టరుగారికి తప్పక చెప్పండి. అడిగేవరకు ఆగవద్దు.

పాటించవలసినవి

* పంజరాన్ని పేషెంటు పడుకునే గదిలో, వంటగదిలో ఉంచవద్దు.
* రెట్టను పొడిగా ఊడ్చవద్దు. నీళ్ళు చల్లి, తడిపి తీయండి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోండి.
* తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.
* పక్షికి నోటితో మేత అందించవద్దు, ముద్దు పెట్టవద్దు.
* కొత్త పక్షిని కనీసం నెలరోజులు వేరుగా ఉంచండి.
* కీమోథెరపీ తీసుకునేవారు, వృద్ధులు, గర్భిణులు పంజరం శుభ్రం చేయకూడదు.

పక్షిని వదిలేయనక్కరలేదు. శుభ్రత పాటిస్తే చాలు.