మూత్రపిండ కణాలలో గ్రాహకాల పరస్పర ప్రభావం: ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:
రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకొనే రైతు వేసవిలో పొలం పనికి వెళ్లి, సాయంత్రం ఒళ్లునొప్పులకు మరో మాత్ర మింగడం షాద్‌నగర్ వంటి వ్యవసాయ ప్రాంతాలలో ఆశ్చర్యం కలిగించే విషయం కాదు. ఈ రెండు మందుల ప్రభావం మూత్రపిండంలో ఎక్కడ కలుస్తుందో గ్రహించాలంటే గ్రాహకాల పనితీరు తెలియాలి. దానిని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గ్రాహకం - అర్థం:
'గ్రహ్' అనే సంస్కృత ధాతువు నుంచి ఏర్పడిన 'గ్రాహకం' అనే మాటకు గ్రహించేది అని అర్థం. హార్మోను వంటి సంకేత పదార్థాన్ని పట్టుకొని కణం పనిని మార్చే ప్రొటీనును జీవశాస్త్రం ఈ పేరుతో పిలుస్తుంది. అయితే గ్రాహకాలు సంకేతాన్ని గ్రహించడంతో ఆగవు. ఒకదాని పనిని మరొకటి పెంచుతాయి, తగ్గిస్తాయి. ఈ అంశం పేరులో కనిపించదు.

3. పరస్పర ప్రభావం:
మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో అధిక భాగాన్ని నాళికల కణాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. నాళిక మొదటి భాగంలోని కణాలలో యాంజియోటెన్సిన్ తన ఏటీ1 గ్రాహకం ద్వారా సోడియం పునశ్శోషణను పెంచుతుంది. డోపమిన్ తన డీ1 గ్రాహకం ద్వారా దానిని తగ్గిస్తుంది. పైగా డీ1 ఉత్తేజితమైతే ఏటీ1 ప్రభావం కూడా తగ్గుతుంది. ఈ సమతూకం చెడితే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి రక్తపోటు పెరగడానికి దోహదం చేస్తాయి.

వడపోత జరిగే రక్తకేశనాళికాగుచ్ఛం వద్ద కూడా ఇటువంటి సమతూకమే ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు తమ గ్రాహకాల ద్వారా, రక్తాన్ని లోపలికి తెచ్చే అభివాహి ధమనికను తెరచి ఉంచుతాయి. యాంజియోటెన్సిన్ ఏటీ1 ద్వారా, రక్తాన్ని బయటికి పంపే అపవాహి ధమనికను బిగిస్తుంది. అందువల్ల వడపోతకు కావలసిన ఒత్తిడి నిలుస్తుంది. రక్తపోటు మందులైన టెల్మిసార్టాన్, లోసార్టాన్ ఏటీ1ను అడ్డగిస్తాయి. నొప్పి మాత్రలైన ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయి. చెమట రూపంలో నీరు బాగా పోయిన రోజున ఈ రెండు రకాల మందులూ కలిస్తే వడపోత హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉంది.

4. ముగింపు:
ఇందులో రక్తపోటు మందును దోషిగా భావించరాదు. మూత్రంలో ప్రొటీను పోతున్న మధుమేహ రోగులలో మూత్రపిండం క్షీణించే వేగాన్ని తగ్గించడానికి వైద్యులు వాడేదీ ఈ తరగతి మందులనే. కనుక వైద్యుని అడగకుండా దానిని మానరాదు. వైద్యుని అడగకుండా దానికి నొప్పి మాత్రను జతచేయనూరాదు. "ఆ మాత్ర వేసుకుంటున్నాను, ఈ మాత్ర వేసుకోవచ్చా?" అని మందుల దుకాణంలో అడగగలిగే అవగాహనను రైతుకు అందించినప్పుడే 'గ్రాహకం' వంటి పారిభాషిక పదానికి సార్థకత.