ఒక పేరు – పెక్కు ఊళ్లు

ఉదయగిరి, ఆత్మకూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి భాగమున గల ఊళ్లు. ఆత్మకూరను పేరుగల ఊరు నంద్యాల జిల్లాలోను, తెలంగాణలోని వనపర్తి జిల్లాలోను కూడ కలదు.

బడులకు పుస్తకములు పంపుటకై ఒక కార్యాలయమున విద్యార్థుల వివరములను కంప్యూటరులోని డేటాబేసునందు చేర్చుచున్నారనుకొందము. ఒకరు ‘ఆత్మకూరు’ అనియు, వేరొకరు ‘ఆత్మకూర్’ అనియు వ్రాసిరి. ఇంకొకరు నడుమ ఖాళీ విడిచి ‘ఉదయ గిరి’ అని వ్రాసిరి. మనము చదివి పోల్చుకొందుము. యంత్రము అక్షరములనే పోల్చును, అర్థము నెరుగదు. ‘ఆత్మకూరు విద్యార్థులెందరు?’ అని అడిగినచో, ‘ఆత్మకూర్’ అని వ్రాసినవారిని విడిచిపెట్టును. నంద్యాల జిల్లా ఆత్మకూరువారిని కలిపివేయును. ఆ లెక్కను నమ్మినచో కొందరు బాలబాలికలకు పుస్తకములు అందవు.

దీనికి ఉపాయము కలదు. ఊళ్లకు వేరొక పట్టిక నేర్పరచి, ప్రతి ఊరికిని ఒక ప్రత్యేక సంఖ్య నీయవలెను. ఫారములో ఊరిపేరు టైపు చేయుటకు వీలులేకుండ, జిల్లాతో కూడిన జాబితానుండి ఎన్నుకొనునట్లు చేయవలెను. అప్పుడు క్వెరీ పేరునుగాక సంఖ్యను వెదకును. పూర్వము చేర్చిన వివరములలో ఏ పేరు ఎన్నిమార్లు వచ్చినదో లెక్కింపజేసినచో తప్పులు వానియంతట అవియే బయటపడును.

ఈ యుక్తి క్రొత్తది కాదు. ఒకే పేరుగల ఊళ్లవలనను, పలు భాషలవలనను ఉత్తరములు దారి తప్పుచుండగా, తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టెను.

యంత్రము చెప్పిన జవాబును నమ్ముటకు ముందు, దానికి మనము చెప్పినదేమో సరిచూచుకొనవలెను.